మస్కిటో కంట్రోల్ లైన్ మోడల్: లోపలి మోటారు ముందుగా ఆగకూడదు

రెండు ఉక్కు తీగలతో చేతిలోని హ్యాండిల్‌కు కట్టి మన చుట్టూ వృత్తంలో తిప్పే కంట్రోల్ లైన్ మోడళ్లలో, ఒకే ఇంజన్ ఉన్న ట్రైనర్‌ను (నేర్చుకునే మోడల్‌ను) తిరుపతిలో రెండేళ్లుగా ఎగరవేస్తున్నానని, ఇప్పుడు రెండవ ప్రపంచ యుద్ధకాలపు రెండింజన్ల బాంబర్ ఒకదాన్ని స్కేలు ప్రకారం కట్టాలని ఉందని మీరు రాశారు. బ్లెన్‌హైమ్, మిచెల్, మస్కిటో మూడింటిలో ఏది ఎంచుకోవాలి, మెథనాల్ ఇంజన్లు పెట్టాలా ఎలక్ట్రిక్ మోటార్లా, రెక్క మధ్యలో ఇంజన్ అడ్డుగా ఉండగా తీగలను కొసదాకా ఎలా తీసుకెళ్లాలి, గాలిలో ఒక ఇంజన్ ఆగితే ఏమవుతుంది అన్నవి మీ ప్రశ్నలు. చివరి ప్రశ్నకు వచ్చే జవాబే మొదటి మూడింటినీ నిర్ణయిస్తుంది కనుక దానితోనే మొదలుపెడతాను.

మన మోడల్ గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది కాబట్టి ఎడమ రెక్క మనవైపు, కుడి రెక్క బయటివైపు ఉంటాయి. తీగలు బిగుతుగా ఉన్నంతసేపే ఎలివేటర్ (తోకలో పైకీ కిందికీ కదిలి ముక్కును లేపే, దించే పలక) మన చేతి మాట వింటుందని ట్రైనర్ మీకు నేర్పే ఉంటుంది. రెండింజన్ల మోడల్‌లో బయటి ఇంజన్ ఆగి లోపలిది నడుస్తూ ఉంటే, ఆ నడిచే ఇంజన్ మధ్యరేఖకు ఎడమ పక్క నుంచి లాగుతుంది కనుక ముక్కు కుడివైపుకు, అంటే బయటికి తిరుగుతుంది. తీగలు మరింత బిగుస్తాయి, వేగం తగ్గినా మోడల్ మన అదుపులోనే దిగుతుంది. లోపలి ఇంజన్ ఆగి బయటిది నడిస్తే ఇదంతా తలకిందులవుతుంది. ముక్కు మనవైపు తిరుగుతుంది, తీగలు వదులవుతాయి, ఎలివేటర్‌ను ఎంత కదిపినా కదలిక అక్కడిదాకా చేరదు.

నా మొదటి రెండింజన్ల మోడల్‌ను చిత్తూరు దగ్గర ఒక ఎండిన చెరువులో ఈ విధంగానే పోగొట్టుకున్నాను. దానికి 2.5 సీసీ మెథనాల్ ఇంజన్లు రెండు, ఒకే కొలతగల ట్యాంకులు రెండు ఉండేవి. లోపలి ఇంజన్ వేడెక్కుతోందన్న అనుమానంతో దాని నీడిల్‌ను (ఇంధనం పారే దారిని సరిచేసే మరను) అర చుట్టు ఎక్కువ తెరిచాను. అది ఎక్కువ ఇంధనం తాగి, బయటి ఇంజన్ కన్నా ముందే ఆగిపోయింది. రెండు గొంతుల మోత ఒక గొంతుకు మారడం విన్న మరుక్షణమే చేతిలోని హ్యాండిల్ బరువు పోయి దూదిలా తేలికైంది. వెనక్కి నాలుగు అడుగులు వేశాను కానీ అప్పటికే ఎడమ రెక్క కొస నేలకు తగిలింది. నాలుగు నెలల పని నాలుగు సెకన్లలో పోయింది. ఇంజన్లతోనే ఎగరవేయాలని మీరు నిశ్చయించుకుంటే లోపలి ట్యాంకును కొంచెం పెద్దదిగా చేసి, నేలమీద రెండింటినీ పూర్తిగా ఖాళీ అయ్యేదాకా నడిపి, లోపలిది కనీసం అర నిమిషం ఎక్కువసేపు నడుస్తుందని గడియారం పెట్టి చూసుకోండి. వృత్తంలో తిరిగేటప్పుడు ఇంధనం బయటివైపుకు తోసుకుపోతుంది కనుక, ట్యాంకులో ఇంధనం పీల్చే గొట్టం కొస రెండు ట్యాంకుల్లోనూ బయటి గోడకే ఆనుకుని ఉండాలి.

మొదటి రెండింజన్ల మోడల్‌కు మాత్రం ఎలక్ట్రిక్ మోటార్లే పెట్టమని నా సలహా. మెథనాల్‌లో కలిపే ఆముదం కాలిన వాసన మీద నాకు ఈనాటికీ మమకారం ఉంది, ఎన్‌సీసీ వాయు విభాగంలో హ్యాండిల్ పట్టడం నేర్చుకున్న రోజులు ఆ వాసనతోనే గుర్తొస్తాయి. అయినా మెథనాల్ సంపాదించడం, నిలవ చేయడం ఇంట్లో పిల్లలున్నవారికి మంచిది కాదు. పైగా రెండు ఇంజన్లను ఒకే తీరులో నడిపించే శ్రమంతా నీడిళ్ల మీదే గడిచిపోయి, ఎగరవేయడం మీద దృష్టి నిలవదు.

ఇక విమానం ఎంపిక. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేసిన తరువాత మూడు రోజులకే, సింహళం తీరంలో జపాన్ నౌకాదళాన్ని ఎదుర్కొన్నవి బ్లెన్‌హైములు. మన తీరం కథతో ముడిపడిన విమానం కనుక దాన్ని కట్టాలన్న మీ కోరిక నాకు అర్థమవుతుంది. అయితే నాలుగో మార్కు బ్లెన్‌హైమ్ ముక్కు అద్దాలు ఎడమ పక్క ఒక రకంగా, కుడి పక్క ఇంకో రకంగా వంపు తిరిగి ఉంటాయి. మొదటి స్కేల్ మోడల్‌లో ఆ పని పెట్టుకోవద్దు. మిచెల్‌కు ముక్కు చక్రం ఉంది కాబట్టి నేలమీద చక్కగా పరుగెడుతుంది, తోకకు రెండు నిలువు రెక్కలున్నాయి కాబట్టి బయటిదాన్ని కొంచెం తిప్పి పెట్టుకునే వీలూ ఉంది. కానీ దాని అసలు రెక్క 20.60 మీటర్లు. 12వ వంతుకు తగ్గించినా 1.7 మీటర్లు దాటుతుంది, పైగా రెక్క లోపలి భాగం పైకి లేచి బయటి భాగం దాదాపు చదునుగా సాగే వంపు కట్టడం తేలిక కాదు.

నేను మస్కిటోనే ఎంచుకుంటాను. దాని ఇంజన్లు ముక్కుకు చాలా దగ్గరగా, ప్రొపెల్లర్ కొసలు దాదాపు శరీరాన్ని తాకుతాయేమో అన్నట్లు ఉంటాయి. మధ్యరేఖకు ఇంజన్ ఎంత దగ్గరైతే, ఒకటి ఆగినప్పుడు ముక్కు తిరిగే బలం అంత తక్కువ. మనకు కావలసిన గుణం ఇదే. రెండో కారణం, అసలు మస్కిటోయే చెక్క విమానం. 1940 నవంబరు 25న మొదటిసారి ఎగిరిన ఆ విమానం శరీరాన్ని పలుచని బర్చ్ ప్లైవుడ్ పొరల నడుమ బాల్సా పెట్టి, కుడి ఎడమ అర్ధభాగాలుగా అచ్చుల మీద వంచి, లోపలి గొట్టాలూ తీగలూ అమర్చాక రెండింటినీ అతికేవారు. రెక్క ఒక కొస నుంచి ఇంకో కొసదాకా ఒకే ముక్క. మీరు చేయబోయేది కూడా అదే పద్ధతి. ప్లాను మీద ఒక అర్ధభాగాన్ని పరుచుకుని, ఫార్మర్ల (శరీరం అడ్డుకోత ఆకారంలో కోసిన చట్రాల) మీద 2 మిల్లీమీటర్ల బాల్సా పట్టీలు కప్పి, తలకిందుల ప్లానుతో రెండోదాన్నీ చేసి, ఎలివేటర్‌ను కదిపే పుష్‌రాడ్ లోపల అమర్చిన తరువాతే రెండింటినీ కలపండి.

అసలు రెక్క 16.51 మీటర్లు, కనుక 12వ వంతులో 1,376 మిల్లీమీటర్లు వస్తుంది. రెక్క విస్తీర్ణం 42 చదరపు మీటర్లు, అది 144వ వంతుకు తగ్గి సుమారు 29 చదరపు డెసిమీటర్లు అవుతుంది. ఈ విస్తీర్ణానికి మొత్తం బరువు 1.5 కిలోలు దాటకుండా చూసుకోండి. తిరుపతిలో మోడలింగ్ బాల్సా దొరకకపోతే బెంగళూరు నుంచో చెన్నై నుంచో తెప్పించుకోవాలి. తెప్పించిన ప్రతి పలకనూ తూచి, తేలికవాటిని తోకకు, గట్టివాటిని స్పార్లకు (రెక్క పొడవునా సాగే దూలాలకు) వేరుచేసి పెట్టుకోండి. తోకలో చేరిన ప్రతి గ్రాముకూ ముక్కులో రెండు మూడు గ్రాముల సీసం పెట్టవలసి వస్తుంది. కాక్‌పిట్ మీది అద్దాన్ని పలుచని ప్లాస్టిక్ షీటును వేడిచేసి అచ్చు మీదికి లాగి చేసుకోవాలి. ఆ అచ్చును నేను మాధవమాలలో బొమ్మలు చెక్కే ఒక పనివాడి చేత చేయించుకున్నాను. కాగితం మీద మూడు పక్కల బొమ్మ గీసి ఇస్తే, నేను వారం రోజులు ఆకురాయితో కుస్తీ పట్టినా రాని నునుపును ఆయన ఒక పూటలో తెచ్చి ఇచ్చాడు.

జిగురు విషయంలో అసలు మస్కిటో చరిత్రే మనకు హెచ్చరిక. యెలహంకలో సిబ్బంది శిక్షణ పొంది బర్మా వైపు వెళ్లిన దళాల మస్కిటోలలో 1944 చివర కొన్ని రెక్కలు గాలిలోనే విరిగిపోయాయి, నవంబరులో విమానాలను ఎగరనివ్వకుండా ఆపి పరిశీలించారు. ఇక్కడి వేడికీ తేమకూ జిగురు వదిలిందని మొదట భావించారు. పరిశీలనలో స్పార్‌కూ పై పొరకూ మధ్య సరిగా కలవని అతుకులు కూడా బయటపడ్డాయి. తొలినాళ్ల మస్కిటోలలో వాడినది పాల నుంచి తీసే కేసీన్ జిగురు, తరువాత ఫార్మాల్డిహైడ్ రకానికి మారారు. మనం నేర్చుకోవలసింది ఆ సరిగా కలవని అతుకుల సంగతి. జిగురు ఖాళీని పూడుస్తుందని నమ్మవద్దు, చెక్కకు చెక్క పూర్తిగా ఆనాలి. స్పార్‌కూ రిబ్బుకూ (రెక్కకు ఆకారమిచ్చే అడ్డు పట్టీకీ) మధ్య వెలుతురు కనిపిస్తే ఆ రిబ్బు పారేసి ఇంకొకటి కోయండి. మామూలు అతుకులకు ఫెవికాల్ చాలు. బెల్‌క్రాంక్ (తీగల లాగుడును పుష్‌రాడ్‌కు అందించే తిరుగుడు మీట) పలక, మోటారు గోడలు, చక్రాల కాళ్లు వచ్చే చోట్ల మాత్రం నెమ్మదిగా ఆరే అరాల్డైట్ వాడండి. ఫెవిక్విక్ రకం జిగురును తాత్కాలికంగా నిలబెట్టడానికే పరిమితం చేయండి, ఎందుకంటే అది గట్టిగానే పట్టినా అదురుకు పెళుసుగా విరుగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన దగ్గర వానలు పడే రోజుల్లో డోప్ గానీ లాకర్ గానీ పూయవద్దు. గాలిలోని తేమ పట్టి పూత తెల్లగా పాలిపోతుంది.

ఇప్పుడు తీగల దారి. మీ ట్రైనర్‌లో బెల్‌క్రాంక్ నుంచి రెక్క కొసకు వెళ్లే లీడవుట్ తీగలకు ఏ అడ్డూ లేదు. మస్కిటోలో అవి ఎడమ ఇంజన్ తొడుగు గుండా, చక్రాల కాళ్లు బిగించిన చోటు పక్కనే, మోటారు వైర్లను దాటుకుని పోవాలి. అందువల్ల మోటార్లు ఎక్కడ పెట్టాలో తేల్చకముందే తీగల దారి గీసుకోవాలి. 75 మిల్లీమీటర్ల బెల్‌క్రాంక్‌ను 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక మీద బిగించి, ఆ పలకను ప్రధాన స్పార్‌కూ మధ్య రిబ్బులు రెండింటికీ అతికి, దాని ఇరుసు బోల్టుకు పైన కూడా ఇంకో పలక ఆధారం ఇవ్వండి. బోల్టు ఒక్క పలకనే పట్టుకుని ఉంటే లాగుడుకు ఒరుగుతుంది. ఎడమ ఇంజన్ తొడుగు లోపల రెండు తీగలకూ రెండు ఇత్తడి గొట్టాలు, ఆ గోడ నుంచి ఈ గోడదాకా, అడ్డంగా అమర్చండి. గొట్టం లోపలి వ్యాసం తీగకు మూడింతలు ఉండాలి, రెండు కొసలనూ గంట మూతిలా కొంచెం వెడల్పు చేసి ఎమరీ కాగితంతో నునుపు చేయాలి. మోటారు వైర్లు ఈ గొట్టాల పైనుంచి పోవాలి, కింద చక్రాల భాగం ఉండాలి, ఒకదానికొకటి తగిలే అవకాశమే ఉండకూడదు. రెక్క కొసలో తీగలు బయటికి వచ్చే రంధ్రాలను ఒక చిన్న జారుడు పలకలో పెడితే, తరువాత ముందుకూ వెనక్కూ జరిపి సరిచేసుకోవచ్చు. మొదట వాటి మధ్య బిందువు గురుత్వ కేంద్రానికి 12 మిల్లీమీటర్లు వెనక ఉండేట్లు పెట్టండి, అప్పుడు ముక్కు తనంతట తానే కొంచెం బయటికి చూస్తుంది.

గురుత్వ కేంద్రం సగటు రెక్క వెడల్పులో ముందంచు నుంచి 20 శాతం దగ్గర ఉండాలి. ఈ కొలతలో సగటు వెడల్పు 213 మిల్లీమీటర్లు కాబట్టి 42 మిల్లీమీటర్ల వెనక. మస్కిటో మోటార్లు రెక్కకు ముందే ఉండటం వల్ల ఇది సులభంగా కుదురుతుంది. ఎలివేటర్ పైకీ కిందికీ 15 డిగ్రీలకు మించి కదలవద్దు, ఇది విన్యాసాలు చేసే మోడల్ కాదు. కుడి రెక్క కొసలో 25 గ్రాముల సీసాన్ని, తీసి పెట్టుకునే వీలుతో ఉంచండి. తోక నిలువు రెక్కలోని రడ్డర్‌ను 4 డిగ్రీలు కుడికి, బయటి మోటారును 2 డిగ్రీలు బయటికి తిప్పండి. అసలు విమానంలో మెర్లిన్ ఇంజన్లు రెండూ ఒకే దిశలో, వెనకనుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో తిరిగేవి. అలా తిరిగితే ఎదురు బలం మోడల్‌ను ఎడమకు, అంటే మనవైపుకు వంచుతుంది. ఎలక్ట్రిక్ మోటారుకు మూడు వైర్లలో రెండింటిని మార్చి, ఎదురు ప్రొపెల్లర్ పెట్టి ఈ ఇబ్బంది తప్పించుకునేవారు ఉన్నారు. స్కేల్ మోడల్‌కు ప్రొపెల్లర్ ఆకు ఒరుపు కూడా రూపంలో భాగమే కనుక నేను మార్చను. శక్తిని మూడు నాలుగు సెకన్లలో మెల్లగా పెంచేట్లు, మోటార్లను నడిపి ఆపే టైమర్‌ను అమర్చుకుంటే రెక్క బరువు, రడ్డర్ కలిసి ఆ వంపును ఆపుతాయి.

మోటార్లు ఒక్కొక్కటి 200 నుంచి 250 వాట్లవి, ప్రొపెల్లర్లు 9 అంగుళాల వ్యాసం, 6 అంగుళాల పిచ్ (ఒక్క చుట్టుకు ముందుకు సాగే దూరం) ఉన్న మూడాకులవి, బ్యాటరీ నాలుగు సెల్‌ల 2,200 మిల్లీఆంపియర్ అవర్ లైపో (లిథియం పాలిమర్) ఒకటి సరిపోతాయి. మోటారుకొక బ్యాటరీ పెట్టవద్దు. రెండూ ఒకే బ్యాటరీ నుంచి తాగితే రెండూ ఒకేసారి నీరసిస్తాయి. ఒకే టైమర్ సంకేతాన్ని వై ఆకారపు వైరుతో రెండు ఈఎస్‌సీలకూ (మోటారు వేగాన్ని అదుపుచేసే పరికరాలకూ) ఇచ్చి, రెండింటిలో ఒకదాని ఎర్ర వైరును పిన్ను నుంచి ఊడదీసి టేపు చుట్టండి. లేకపోతే రెండు ఈఎస్‌సీలూ టైమర్‌కు కరెంటు పంపడానికి ఒకదానితో ఒకటి పోటీపడతాయి. ఇక్కడే చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. బ్యాటరీ వోల్టేజీ పడిపోతే ఈఎస్‌సీ తనంతట తాను మోటారును ఆపుతుంది, రెండు ఈఎస్‌సీలు ఒకే వోల్టేజీ దగ్గర ఆపుతాయన్న నమ్మకం లేదు. లోపలిది ముందుగా ఆపితే చెరువులో నాకు జరిగినదే మీకూ జరుగుతుంది. కాబట్టి రెండింటిలోనూ ఆ హద్దును వీలైనంత కిందికి దించి, బ్యాటరీలో ఇంకా మూడో వంతు ఉండగానే టైమర్ రెండింటినీ కలిపి ఆపేట్లు నాలుగు నిమిషాలకు పెట్టండి. సగటున 20 ఆంపియర్ల చొప్పున నాలుగు నిమిషాలకు 1,330 మిల్లీఆంపియర్ అవర్లే ఖర్చవుతాయి.

నేలకు తగిన పనులను తక్కువ మాటల్లో చెబుతాను. చక్రాలు 75 నుంచి 80 మిల్లీమీటర్లు ఉండాలి, అంతకన్నా చిన్నవి మన మట్టి నేలలో కూరుకుపోయి మోడల్ ముక్కు మీద పడుతుంది. అసలు మస్కిటో కాళ్లలో నూనె షాక్ అబ్జార్బర్లకు బదులు రబ్బరు దిమ్మలు ఉండేవి, మనం కూడా ఉక్కు తీగ కాలు పైకొసను రబ్బరు ముక్క మీద ఆనిస్తే గతుకులను తట్టుకుంటుంది. రంగు కోసం ఆగ్నేయాసియాలోని బ్రిటిష్ వైమానిక దళాల వెండి పూతను ఎంచుకోండి. జపాన్ ఎర్ర సూర్యుడితో పొరబడకుండా ఆ దళాలు తమ గుండ్రటి గుర్తులో ఎరుపును తీసివేసి ముదురు నీలం, లేత నీలం మాత్రమే వాడాయి. ఎండలో అటువంటి మోడల్ బాగా కనిపిస్తుంది కూడా.

ఎగరవేయడానికి ముందు లాగి చూసే పరీక్షను ఏ కారణంతోనూ వదలవద్దు. 18 మీటర్ల తీగల మీద సెకనుకు 25 మీటర్ల వేగంతో తిరిగే 1.5 కిలోల మోడల్ చేతిని 5 కిలోలకు పైగా బలంతో లాగుతుంది. అందుకు మూడింతలుగా, చింతపండు మండీల్లో వాడే వేలాడే కాటాను హ్యాండిల్‌కు తగిలించి 15 కిలోలదాకా లాగి పది సెకన్లు ఆపండి. తీగలు 0.46 మిల్లీమీటర్ల మెలివేసిన ఉక్కువి కావాలి. హ్యాండిల్‌కు మణికట్టు తాడు తప్పనిసరి. తీగలు ఉక్కువి కనుక కరెంటు తీగలు ఉన్న చోట, ఉరుములు వినిపిస్తున్నప్పుడు ఎగరవేయకూడదు. తిరుమల కొండ పరిసరాలకూ రేణిగుంట విమానాశ్రయానికీ దూరంగా స్థలం చూసుకుని, మోడల్ తీగలతో కట్టి ఉంటుందని అక్కడి పోలీస్ స్టేషన్‌లో ముందుగా చెప్పి రండి. మే నెలలో ఉదయం ఎనిమిదిలోపే ముగించండి. ఆ తరువాత నేల కాగి గాలి సుడులు లేస్తాయి, కారులో ఉంచిన లైపో బ్యాటరీ కూడా పాడవుతుంది.

మొదటిసారి మోడల్‌ను వదిలేటప్పుడు గాలి మీ వీపు నుంచి మోడల్ వైపు వీచే చోట నిలబెట్టండి, అప్పుడు గాలే దాన్ని బయటికి తోసి తీగలను బిగుతుగా ఉంచుతుంది. మోడల్‌ను పట్టుకునే మిత్రుడు ముందుకు తోయకుండా చేతులు తీసేస్తే చాలు. తోక లేచేదాకా ఎలివేటర్‌ను కదపవద్దు. మూడు చుట్లు రెండు మీటర్ల ఎత్తులో తిప్పి, చుట్టుకు ఐదు సెకన్ల లోపు వస్తోందా, గాలికి ఎదురు పక్కన లాగుడు తగ్గుతోందా గమనించండి. తగ్గుతుంటే దిగిన తరువాత లీడవుట్ పలకను 3 మిల్లీమీటర్లు వెనక్కి జరపండి, సీసం పెంచవద్దు. టైమర్ ఆపాక మోడల్ గాలిలో తేలుతూ దాదాపు ఒక చుట్టు వస్తుంది, ఆ చుట్టంతా అడుగు వెనక్కి వేస్తూ తీగలను బిగుతుగా పట్టండి.

ప్రతి పది ఎగురవేతలకు ఒకసారి ఎడమ ఇంజన్ తొడుగు కింది మూత విప్పి, ఇత్తడి గొట్టాల కొసల దగ్గర లీడవుట్ తీగలను వేలితో తడిమి చూడండి. ఒక్క పోగు తెగి వేలికి గుచ్చుకున్నా ఆ రోజు ఎగరవేయకుండా రెండు తీగలూ మార్చండి.